హైరానా లేని అల్లం బీరు: బెజవాడ, గుంటూరు ఎండలకు సరిపడే పద్ధతి

ఇంట్లో పులియబెట్టుకునే పానీయాల్లో అల్లం బీరంత తేలికైనది ఇంకోటి కనపడదు. అల్లం, పంచదార, నిమ్మకాయలు, నీళ్లు, మూడు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలు ఉంటే పని మొదలుపెట్టొచ్చు. పేరులో బీరున్నా ఇందులో బార్లీ ఉండదు, బీరుకు చేదునిచ్చే హాప్స్ పూలు ఉండవు. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో ఇళ్లలో కాచుకున్న ఘాటు పానీయం ఇది.

అసలు బీరు సంగతి ముందే తేల్చేద్దాం. ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టం, 1968 ప్రకారం లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం నేరం, ఇంట్లో తాగడానికే అన్నా సరే. అమెరికాలో 1978లో చట్టం మార్చి ఇంటి బీరుకు దారి వదిలారు కాబట్టి అక్కడివాళ్లు వీడియోల్లో డ్రమ్ములు పెట్టి చూపిస్తారు. అవి చూసి ఇక్కడ డ్రమ్ము కొనకండి. అల్లం బీరును కూడా ఎక్కడ ఆపాలో అక్కడ ఆపితేనే అది పానకాల కోవలో ఉంటుంది. ఆ గీత ఎక్కడుందో కింద లెక్కతో సహా వస్తుంది.

ఇందులో చాలా విషయాలకు చాదస్తం అక్కర్లేదు. పంచదార పది గ్రాములు అటూ ఇటూ అయినా, అల్లం తురిమినా దంచినా, నిమ్మకాయ ఒకటి ఎక్కువైనా పానీయం పాడవదు. థర్మామీటరు, హైడ్రోమీటరు, ప్రత్యేకమైన ఈస్ట్ పొట్లాలు ఏవీ కొననక్కర్లేదు. రెండింటి దగ్గర మాత్రం అశ్రద్ధ పనికిరాదు: సీసాలో ఒత్తిడి, గదిలో వేడి. చలి దేశాలవాళ్లు రాసిన పద్ధతుల్లో పులియబెట్టే అల్లం తోడు సిద్ధమవడానికి వారం, సీసాలో పులియడానికి మూడు నుంచి ఐదు రోజులు అని ఉంటుంది. మే నెలలో సత్యనారాయణపురంలోనో బ్రాడీపేటలోనో డాబా కింద గదిలో ఆ లెక్క పాటిస్తే సీసా రెండో రోజుకే రాయిలా బిగుసుకుంటుంది. మన దగ్గర లెక్క గంటల్లో ఉండాలి.

అల్లం తోడు

పెరుగుకు తోడు ఉన్నట్టే దీనికీ ఒక తోడు కావాలి. అల్లం తొక్క మీద సహజంగా ఉండే ఈస్ట్, లాక్టిక్ బ్యాక్టీరియా పంచదార నీళ్లలో పెరిగితే అదే తోడు. కాబట్టి తొక్క తీయకండి. మట్టి పోయేలా కడిగితే చాలు, గీకి గీకి తోమొద్దు. తెల్లగా మెరిసేలా శుభ్రం చేసి అమ్మే అల్లం చూడ్డానికి బాగుంటుంది కానీ దానితో తోడు లేవడం కష్టం. రైతుబజారులో, గుంటూరు కొల్లి శారదా మార్కెట్లో, బెజవాడ కాళేశ్వరరావు మార్కెట్లో మట్టి అంటుకున్న అల్లం దొరుకుతుంది. అది తీసుకోండి. కొమ్ము విరిస్తే టక్కుమని విరగాలి. సాగి, పీచు లాగుతుంటే అది ముదురు. ముదురు అల్లానికి ఘాటు ఎక్కువే గానీ తోడుకు లేతదే త్వరగా లేస్తుంది.

అర లీటరు నుంచి ముప్పావు లీటరు పట్టే గాజు సీసా తీసుకోండి. పాత హార్లిక్స్ సీసా చక్కగా సరిపోతుంది. అందులో 400 మిల్లీలీటర్ల నీళ్లు, సన్నగా తరిగిన అల్లం 20 గ్రాములు, పంచదార 20 గ్రాములు వేసి బాగా కలపండి. మూత బిగించకండి. పల్చటి గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేయండి, లేకపోతే బెజవాడ ఈగలు పసిగట్టి వస్తాయి. రోజూ పొద్దున 10 గ్రాముల అల్లం, 10 గ్రాముల పంచదార చేర్చి కలుపుతూ ఉండండి. వేసవిలో పొద్దున, సాయంత్రం రెండుసార్లు. మధ్యలో గుర్తొచ్చినప్పుడల్లా స్పూనుతో ఒకసారి తిప్పితే మంచిది, పైన బూజు కూర్చునే అవకాశం తగ్గుతుంది.

మొదటి రోజు బుడగలు చూసి సంబరపడొద్దు. ఆ బుడగలు చాలాసార్లు ఈస్ట్‌వి కావు, పులుపు ఎక్కకముందు నీళ్లలో తిరిగే వేరే బ్యాక్టీరియావి. అవి రెండో రోజుకు తగ్గి తోడు చప్పబడినట్టు కనిపిస్తుంది. చెడిపోయిందని పారబోయకుండా మేత, అంటే రోజూ వేసే అల్లం, పంచదార, వేస్తూ వెళ్లండి. తోడు నిజంగా సిద్ధమైనప్పుడు మూడు గుర్తులు కలిసి కనిపిస్తాయి. అల్లం ముక్కలు పైకి తేలి వాటి మధ్య నుంచి నురగ వస్తుంది, చెవి దగ్గర పెడితే సన్నగా బుస వినిపిస్తుంది, నాలుక మీద తీపితోపాటు స్పష్టమైన పులుపు తగులుతుంది. పులుపు లేని తోడు వాడొద్దు. పులుపే దానికి కాపలా. పులుపు కొలిచే పీహెచ్ పట్టీ ఉంటే 4 కంటే కింద చూపించాలి. మే నెలలో దీనికి రెండున్నర, మూడు రోజులు, వానాకాలంలో నాలుగు, సంక్రాంతి చలిలో ఆరు దాకా పట్టొచ్చు.

1892లో హ్యారీ మార్షల్ వార్డ్ అనే ఇంగ్లిషు శాస్త్రవేత్త అప్పటి అల్లం బీరు తోడును విడదీసి, అందులో ఒక ఈస్ట్, ఒక బ్యాక్టీరియా జంటగా పనిచేస్తున్నాయని చూపించాడు. ఆయన చూసిన తోడు గింజల్లా ఉండే జాతి, మనం చేసేది అల్లం తొక్క మీద నుంచి వచ్చేది. జాతులు వేరైనా పని పంపకం అదే: ఈస్ట్ గ్యాస్ ఇస్తుంది, బ్యాక్టీరియా పులుపు ఇస్తుంది.

బెల్లంతో చేయొచ్చా అని చాలామంది అడుగుతారు. చేయొచ్చు, పైగా ఖనిజాలు ఎక్కువ కాబట్టి ఈస్ట్ త్వరగా లేస్తుంది. పచ్చగా మెరిసే బెల్లం వద్దు, రంగు కోసం వాడే గంధకపు రసాయనాలు ఈస్ట్‌ను నొక్కేస్తాయి. ముదురు గోధుమ రంగు ఉయ్యూరు బెల్లమో అనకాపల్లి బెల్లమో తీసుకుని, కరిగించి, వడకట్టి, చల్లార్చి వాడండి. అడుగున మిగిలే ఇసుక చూస్తే ఎందుకు వడకట్టమన్నామో తెలుస్తుంది. నల్లబెల్లం మాట ఎత్తకండి. అది నాటుసారా కేసుల్లో పట్టుబడే సరుకు, దాని రుచి కూడా దీనికి నప్పదు.

నీళ్లు

కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది మనకు మేలు, తోడుకు కీడు. వెడల్పు గిన్నెలో రాత్రంతా మూత లేకుండా వదిలేసినా, పది పదిహేను నిమిషాలు మరిగించి చల్లార్చినా పోతుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాడొద్దు, ఎంత పంచదార వేసినా ఆ ఉప్పదనం బయటపడుతుంది. క్యాను నీళ్లు, ఆర్వో నీళ్లు పనికొస్తాయి. వాటిలో ఖనిజాలు తక్కువ కాబట్టి చిటికెడు ఉప్పు, పంచదార వంతులో పదో వంతు బెల్లం వేస్తే తోడు ఉషారుగా ఉంటుంది.

రెండు లీటర్లకు కొలత

అల్లం 100 గ్రాములు, పంచదార 160 గ్రాములు, రసం ఎక్కువున్న నిమ్మకాయలు రెండు, ఉప్పు చిటికెడు, వడకట్టిన అల్లం తోడు 120 మిల్లీలీటర్లు, నీళ్లు రెండు లీటర్లు. ఇది మూడు 750 మిల్లీలీటర్ల సీసాలకు వస్తుంది.

స్టీలు గిన్నెలో 700 మిల్లీలీటర్ల నీళ్లు పెట్టి, కచ్చాపచ్చాగా దంచిన అల్లంలో సగం వేసి పది నిమిషాలు సన్న సెగ మీద మరగనివ్వండి. సత్తు గిన్నె వద్దు, నిమ్మరసం దాన్ని తినేస్తుంది. పొయ్యి ఆపాక మిగతా సగం అల్లం, పంచదార, ఉప్పు వేసి మూత పెట్టి అరగంట వదిలేయండి. అల్లాన్ని రెండు వాయిదాల్లో వేయడానికి కారణం ఉంది. మరిగిన అల్లం ఘాటు మెత్తబడి తియ్యటి వాసన ఇస్తుంది. వేడి నీళ్లలో నానింది మాత్రం పచ్చి వాసన నిలుపుకుంటుంది. ఒక్కదానితోనే చేస్తే ఏదో వెలితిగా ఉంటుంది. గొంతులో దిగే మంట ఇంకా కావాలంటే 5 గ్రాముల శొంఠి పొడి మరిగేటప్పుడు వేయండి. అల్లం ఎండితే అందులో ఘాటు పదార్థం ఇంకా ఘాటైన రూపానికి మారుతుంది, శొంఠి మంట వేరుగా ఉండటానికి అదే కారణం.

పల్చటి గుడ్డలో వడకట్టి పిండేయండి. మిగతా 1.3 లీటర్ల చల్లటి నీళ్లు కలపండి. వేలు పెట్టి చూడండి, వేడి అనిపించకూడదు. ఈ ఒక్క చోట తొందరపడితే తోడు చచ్చిపోతుంది, ఆ తర్వాత రెండు రోజులు సీసా ముందు కూర్చున్నా ఉత్త అల్లం పానకమే మిగులుతుంది. చల్లబడ్డాక నిమ్మరసం పిండండి. నిమ్మరసం రుచికే కాదు, తోడు నిలదొక్కుకునే లోపు చెడ్డ బ్యాక్టీరియా తలెత్తకుండా మొదటి నుంచే పులుపు ఉంచుతుంది. సీసాల్లో వచ్చే నిమ్మరసం వద్దు. వాటిలో నిల్వ కోసం వేసే సోడియం బెంజోయేట్ ఉంటే ఈస్ట్ పని ఆగిపోతుంది. తెనాలి నిమ్మకాయలు పక్కనే ఉండగా ఆ అవసరమూ లేదు. చివర తోడు వడకట్టి పోసి కలపండి.

పంచదార గురించి ఒక మాట. లీటరుకు 80 గ్రాములు నాలుక కోసం వేస్తున్నది. గ్యాసుకు కావాల్సింది లీటరుకు ఎనిమిది పది గ్రాములే. కాబట్టి తీపి తక్కువ కావాలంటే లీటరుకు 50 గ్రాములకు తగ్గించినా బుడగ తగ్గదు. తాగేటప్పుడు మిగతా చక్కెరంతా గ్లాసులోనే ఉంటుంది కనుక షుగరు ఉన్నవాళ్లు దీన్ని ఆరోగ్య పానీయంగా లెక్కేసుకోవద్దు.

సీసా

కూల్‌డ్రింకుల ప్లాస్టిక్ సీసాకు మించింది లేదు. గ్యాస్ ఒత్తిడి కోసమే దాన్ని తయారు చేస్తారు, ఒకవేళ హద్దు దాటినా గాజులా ముక్కలై ఎగరదు, పైగా వేలితో నొక్కి లోపల సంగతి తెలుసుకోవచ్చు. ఫంక్షన్ హాల్లో పెళ్లి భోజనాలయ్యాక కావలసినన్ని ఖాళీ సీసాలు దొరుకుతాయి. మంచినీళ్ల సీసాలు మాత్రం వద్దు. వాటి గోడ పల్చన, అడుగు చదును. కూల్‌డ్రింకు సీసా అడుగు ఐదు రేకుల్లా మడతపడి ఉంటుంది చూడండి, ఒత్తిడికి ఆగేది ఆ రేకులే.

కడగడానికి వేడినీళ్లు సలసల కాగేవి పోయకండి, సీసా ముడుచుకుపోతుంది. చెయ్యి తట్టుకునే వేడిలో ఒక చెంచా వంటసోడా వేసి ఊపి, రెండుసార్లు మంచినీళ్లతో తొలిస్తే చాలు. మూత లోపలి ప్లాస్టిక్ అంచు మీద గీత పడిందేమో వెలుతురులో చూడండి. గ్యాస్ నిలవని సీసాల్లో సగానికి సగం తప్పు అక్కడే ఉంటుంది.

గాజులోనే కావాలంటే ఒత్తిడి కోసం చేసిన, తీగ క్లిప్పుతో బిగిసే గుండ్రటి మందపాటి సీసాలే వాడాలి. జాము సీసా, పచ్చడి సీసా, నలుచదరపు సీసా వాడితే కొరివితో తల గోక్కున్నట్టే. గోలీ సోడా సీసాలో పోస్తే చూడముచ్చటగా ఉంటుందనే ఆలోచన చాలామందికి వస్తుంది. అది కుదరదు. ఆ సీసాను తలకిందులు చేసి, గ్యాస్ ఒత్తిడితో నింపుతారు. గోలీ జారి మెడలోని రబ్బరు వాచరుకు అంటుకోవడం, ఆ వెనకే ఒత్తిడి దాన్ని అదిమి పట్టడం ఒకే క్షణంలో జరుగుతాయి. మనది గంటల తరబడి నెమ్మదిగా పుట్టే గ్యాస్. మొదట్లో గోలీని పట్టి ఉంచే బలం దానికి ఉండదు, అంతా పక్క నుంచి జారిపోతుంది.

గరాటుతో పోసి పైన మూడు నాలుగు సెంటీమీటర్లు ఖాళీ వదలండి. మూత పెట్టే ముందు సీసా పొట్టను నొక్కి, ఖాళీ గాలిని బయటికి పంపి, అలా నొక్కి ఉంచే మూత బిగించండి. సీసా సొట్టపోయి కనిపిస్తుంది. ఆ సొట్ట బయటికి తన్నుకొచ్చిందంటే పులియడం మొదలైనట్టు. అక్కడి నుంచి సీసాను మరిచిపోకూడదు.

ఎక్కడ ఆపాలి

ఈస్ట్ ఒక గ్రాము చక్కెర తింటే దాదాపు సగం బరువు కార్బన్ డయాక్సైడ్‌గా, మిగతా సగం ఆల్కహాల్‌గా మారుతుంది. రెండూ జంటగానే పుడతాయి. లీటరులో 8 గ్రాముల చక్కెర పులిస్తే, విడిగా తీస్తే రెండు లీటర్ల జాగా పట్టేంత గ్యాస్ పుడుతుంది, ఆల్కహాల్ అర శాతం దగ్గరకు వస్తుంది. 12 గ్రాములైతే గ్యాస్ మూడు లీటర్లు, ఆల్కహాల్ ముప్పాతిక శాతం పైన. దేశంలో ఆహార ప్రమాణాలు పెట్టే సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ లెక్కలో అర శాతం దాటిన పానీయం మద్యం కిందకి వస్తుంది. లాక్టిక్ బ్యాక్టీరియా కొంత చక్కెర తన వంతుకు లాక్కుంటుంది, తోడులోంచి కొద్దిగా ఆల్కహాల్ వచ్చి కలుస్తుంది. ఇంట్లో ఇవన్నీ తూచలేం కాబట్టి ముందుగానే ఆపడం మేలు: కోలా అంత బుస్సుమనే గ్యాస్ కోసం ఆశపడకుండా, మెత్తటి బుడగ దగ్గర ఆపండి.

దీనివల్ల ఇంకో సంగతి కూడా తేలుతుంది. మూత ఒక్కసారీ తీయకపోతే, సీసా గట్టిదనమే ఆల్కహాల్‌కు కొలబద్ద. రోజూ మూత కాస్త వదులు చేసి గ్యాస్ వదిలి మళ్లీ బిగించమని కొందరు చెబుతారు. ఆ అలవాటు వద్దు. గ్యాస్ బయటికి పోతుంది, ఆల్కహాల్ లోపలే ఉంటుంది. మూడుసార్లు అలా వదిలితే చేతికి సీసా మామూలుగానే తగులుతుంది గానీ లోపల లెక్క గీత దాటేస్తుంది. గట్టిపడితే వదలడం కాదు, ఫ్రిజ్‌లో పెట్టాలి.

చేతితో చూసే పద్ధతి ఇది. సీసా భుజం కింద బొటనవేలితో నొక్కండి. నింపిన కొత్తలో సెంటీమీటరు పైగా లోపలికి పోతుంది. వేలు రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే దిగి వెంటనే వెనక్కి తోస్తే అప్పుడే ఫ్రిజ్‌లోకి. తెరవని థమ్సప్ సీసాలా అసలు నొక్కు పడకపోతే మనం అనుకున్న హద్దు దాటేసింది. అడుగు రేకులు ఉబ్బి సీసా నిలబడకుండా ఊగుతుంటే దాన్ని కదపకుండా తడిగుడ్డ కప్పి చల్లబరచండి, మూతకు ముఖం అడ్డం పెట్టకండి, తర్వాత పారబోయండి.

గది లోపల 34 నుంచి 38 డిగ్రీలుంటే ఎనిమిది నుంచి పద్నాలుగు గంటలు, వానాకాలపు 30 డిగ్రీల్లో ఒక పగలు ఒక రాత్రి, డిసెంబరు జనవరిలో రోజున్నర నుంచి రెండున్నర రోజులు. ఇవి చేతి లెక్కలు. తోడు బలాన్ని బట్టి మారతాయి కాబట్టి గడియారం కంటే బొటనవేలిని నమ్మండి. వేసవిలో సాయంత్రం ఏడింటికి నింపి పడుకుంటే నిద్రలేచేసరికి ఆపాల్సిన సమయం అయి ఉంటుంది. పొద్దున నింపి ఆఫీసుకు వెళ్లడం మాత్రం వద్దు.

ఫ్రిజ్‌లో నాలుగు డిగ్రీల దగ్గర పులియడం బాగా నెమ్మదిస్తుంది, ఆగదు. వారంలోపు తాగేయండి. కరెంటు పోతుందని తెలిస్తే గుర్తుంచుకోవాల్సింది ఒకటి: సీసాలో గ్యాస్ అంతే ఉన్నా, 5 డిగ్రీల దగ్గరున్న ఒత్తిడి 35 డిగ్రీలకు వచ్చేసరికి దాదాపు రెండున్నర రెట్లవుతుంది. చల్లటి ద్రవంలో కరిగి ఉన్న గ్యాస్ వేడికి బయటపడుతుంది. కారు డిక్కీలో వేసుకుని మంగళగిరి మీదుగా గుంటూరు తీసుకెళ్లేవాళ్లు ఐసు పెట్టెలో పెట్టుకోవాలన్నది అందుకే.

గర్భిణులు, చిన్నపిల్లలు, మందులు వాడుతూ మద్యం మానినవాళ్లు, నియమంగా ముట్టనివాళ్లు దీన్ని తాగకపోవడమే సరి. వాళ్ల కోసం అదే అల్లం రసాన్ని తోడు వేయకుండా, చిక్కగా, సగం నీళ్లతో కాచి ఉంచి, గ్లాసులో కిరాణా కొట్లో దొరికే తాగే సోడా కలిపి ఇవ్వండి. రుచిలో తొంభై పాళ్లు అదే.

వేడి

40 డిగ్రీలు దాటిన చోట ఈస్ట్ నీరసపడి పుల్లటి బ్యాక్టీరియా పెత్తనం చేస్తుంది. బుడగ తక్కువ, పులుపు ఎక్కువ. డాబా కింద సజ్జ మీద, ఫ్రిజ్ పైన, వంటింటి కిటికీలో పెట్టకండి. ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు చాలాసార్లు మెట్ల కింద నేల. వెడల్పు టబ్బులో సగం నీళ్లు పోసి సీసాలు నిలబెట్టి, నీళ్లలో మునిగేలా తడి తువ్వాలు చుట్టండి. వడగాడ్పు వీచే పొడి రోజున ఇది నాలుగైదు డిగ్రీలు లాగేస్తుంది. ఉక్కపోత రోజున తువ్వాలు ఆరదు, కాబట్టి చల్లదనమూ రాదు. అప్పుడు టబ్బులో ఒక ఐసు సీసా వేయడమే మార్గం. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఏసీ గది లేకపోతే ఈ పని పక్కన పెట్టి చెరుకురసం తాగడం ఉత్తమం.

తేడా వస్తే

రోజు గడిచినా బుడగ రాలేదు, రుచి ఇంకా తియ్యగానే ఉంది అంటే తోడు బలహీనం, లేదా వేడి రసంలో పోశారు. సీసాకు 40 మిల్లీలీటర్ల తాజా తోడు వేసి మళ్లీ బిగించండి. బుడగ లేదు, తీపి తగ్గి పులుపెక్కింది అంటే పులియడం జరిగింది గానీ మూత కారుతోంది. అది అర శాతం దాటి ఉండొచ్చు, పారబోసి మూత మార్చండి.

తోడు జిగటగా తీగలా సాగుతుంటే కంగారు వద్దు. కొన్ని లాక్టిక్ బ్యాక్టీరియా పంచదారను జిగురుగా మారుస్తాయి, దోసెల పిండి మరీ పులిస్తే సాగినట్టే. మేతలో పంచదార సగానికి తగ్గించి రెండు రోజులు చూడండి. చాలాసార్లు పోతుంది. పోకపోతే కొత్తది పెట్టుకోండి, ఇరవై గ్రాముల అల్లం పోయినంత మాత్రాన కొంప మునగదు. పైన పల్చగా ముడతలు పడిన తెల్లటి పొర తీసేసి వాడొచ్చు కానీ రుచిలో తేడా వస్తుంది. దూదిలా లేచిన బూజు ఏ రంగులో ఉన్నా, గులాబీ లేదా నారింజ చారలు కనిపించినా మొత్తం పారబోయాలి. పైన బూజు తీసేసి కిందది వాడుకునే పొదుపు ఇక్కడ పనికిరాదు.

గోళ్ల రంగు తీసే మందు వాసన వస్తే వేడి ఎక్కువైంది. చేదు వస్తే అల్లం ఎక్కువసేపు మరిగింది లేదా నిమ్మ తొక్క పడింది. మూత తీయగానే సీసాలో సగం పైకి తన్నుకొస్తే వడకట్టడం సరిగా లేదు. పిప్పి రేణువుల చుట్టూ గ్యాస్ చేరి ఒక్కసారిగా లేస్తుంది. పన్నెండు గంటలు నిలువుగా చల్లబరిచి, సింకులో పెట్టి, మూతను పావు తిప్పు తిప్పి ఆగి, బుస తగ్గాక మళ్లీ పావు తిప్పండి. అడుగున పేరుకునే తెల్లటి మడ్డి ఈస్టే, హాని లేదు. చివరి రెండు సెంటీమీటర్లు సీసాలోనే వదిలేయండి.

రుచి మార్పులు

సుగంధి వేర్లు 15 గ్రాములు దంచి, పొయ్యి ఆపాక అల్లంతోపాటు వేసి మూత పెట్టి నానబెడితే వేసవి సోడా బండి గుర్తొచ్చే వాసన వస్తుంది. వేర్లను మరిగిస్తే ఆ వాసనంతా ఆవిరై వంటింటి పాలవుతుంది. కొన్న సుగంధి సిరప్‌ను సీసాలో పోసి పులియబెట్టొద్దు, లేబులు మీద బెంజోయేట్ ఉంటే పులియదు. అది గ్లాసులో తాగేముందు కలుపుకోవాలి.

గుంటూరు పేరు నిలబెట్టాలనుకునేవాళ్లు ఒక సన్నం ఎండుమిరపకాయను చీల్చి గింజలు దులిపి, మరిగే అల్లంలో చివరి ఐదు నిమిషాలు వేసి తీసేయొచ్చు. రెండు లీటర్లకు ఒక కాయ చాలు. తేజ రకమైతే పావు కాయ. ఈ మంట తాగిన క్షణంలో తెలియదు, రెండో గుక్కకు వెనక నుంచి వస్తుంది కాబట్టి రుచి చూసి ఇంకోటి వేసేయకండి. మిరియాలు, జీలకర్ర కూడా బాగుంటాయి. పండ్లలో నల్లద్రాక్ష రసం మంచిది. మామిడి గుజ్జు చేర్చితే చక్కెర, రేణువులు రెండూ పెరిగి సీసా త్వరగా బిగుస్తుంది, సమయాన్ని సగానికి సగం తగ్గించి చూసుకోండి.

తోడు తీసిన ప్రతిసారీ తీసినంత నీళ్లు, 20 గ్రాముల పంచదార, 20 గ్రాముల అల్లం తిరిగి వేసి ఒక పూట బయట ఉంచి ఫ్రిజ్‌లో పెట్టండి. వారానికోసారి 10 గ్రాముల చొప్పున మేత వేస్తే నెలల తరబడి నడుస్తుంది. ఫ్రిజ్ నుంచి తీసిన తోడును వెంటనే సీసాల్లో పోయకుండా, మేత వేసి మళ్లీ నురగ కట్టేదాకా బయట పెట్టాలి. అడుగున చేరిన పాత అల్లం ముక్కల్లో సగం అప్పుడప్పుడు తీసేస్తుండండి. అవి పచ్చిపులుసులోకి, నిమ్మకాయ కారంలోకి బాగుంటాయి.